మోటారు బిగించిన సైకిల్‌కు కోన్ బేరింగా, సీల్డ్ బేరింగా?

మామూలు సైకిల్ హబ్‌లో (చక్రం మధ్య భాగంలో) విడి బాల్స్, అవి తిరిగే గిన్నెలాంటి కప్పు, వాటిని నొక్కి పట్టే కోన్ ఉంటాయి. మోటారు పెట్టాక వేగం, బరువు రెండూ పెరుగుతాయి కాబట్టి కోన్ సెట్టింగ్ (కోన్ ఎంత బిగువుగా ఉందన్నది) సరిగ్గా ఉండాల్సిందే. వెనక చక్రంలో సాధారణంగా పక్కకు 9 చొప్పున పావు అంగుళం బాల్స్ ఉంటాయి. పాతవీ కొత్తవీ కలపొద్దు. కోన్ మీద గుంటలు పడ్డాయేమో గోటితో గీరి చూడండి. పడితే ఎంత సెట్ చేసినా గరగర పోదు. లాక్ నట్ బిగించేటప్పుడు కోన్ ఇంకాస్త బిగుసుకుంటుంది. అందుకే ముందే రవ్వంత వదులుగా ఉంచి, సన్న స్పానర్‌తో కోన్‌ను కదలకుండా పట్టుకుని నట్ బిగించాలి. చక్రం పక్కలకు ఊగకూడదు, ఇరుసును వేళ్లతో తిప్పితే నున్నగా తిరగాలి.

సీల్డ్ బేరింగ్ అంటే బాల్స్‌తో సహా ఒకే ముక్కగా వచ్చేది, దానికి ఈ సెట్టింగ్ టెన్షన్ లేదు. రెండు పక్కలా రబ్బరు సీలు ఉంటుంది, దుమ్ము అంత తేలిగ్గా లోపలికి పోదు. 12 మి.మీ. ఇరుసుకైతే 6001 నంబరు (బేరింగ్ సైజు నంబరు) సరిపోతుంది. కానీ పాత హబ్‌లో అది నేరుగా కూర్చోదు. హబ్ మార్చి, చువ్వలు మళ్లీ కట్టించాలి. అసలు ఖర్చు అక్కడే.

తాడిపత్రి వైపు రాతి పొడిలో రోజూ తిరిగేవాళ్లకు నేను సీల్డ్ బేరింగే చెబుతాను. అనంతపురం టౌన్‌లో మార్కెట్ దాకా వెళ్లొచ్చే బండికి మంచి కోన్లు, కొత్త గ్రీజు చాలు.