గో విష్ కార్డులు: నాన్న ముక్కలు, నా ముక్కలు

నాన్నకి ఇక వైద్యం పనిచేయదని తేలాక నేను కొన్న వస్తువు ఇదొక్కటే. చూడ్డానికి మామూలు పేక కట్ట. 36 ముక్కలు, 35 మీద ఒక్కో కోరిక రాసి ఉంటుంది: నొప్పి లేకుండా ఉండాలి, తెలివిలో ఉండాలి, ఇంట్లోనే పోవాలి, ఇంట్లోవాళ్లకి భారం కాకూడదు, ఇలా. మిగిలింది జోకర్, కట్టలో లేని కోరిక ఏదుంటే అది. చాలా ముఖ్యం, కొంచెం ముఖ్యం, అక్కర్లేదు అని మూడు దొంతరలు చెయ్యాలి.

రెండు కట్టలు ఉంటేనే అసలు సంగతి బయటపడుతుంది. ఒకటి ఆయన సర్దుతాడు, ఆయన ఎలా సర్దుతాడో ఊహించి రెండోది మనం సర్దాలి. నేను ధీమాగా 'ఇంట్లోనే పోవాలి' అన్నిటికంటే పైన పెట్టా. నాన్న దాన్ని రమ్మీలో పనికిరాని ముక్క వదిలించుకున్నట్టు కింద పడేసి, 'శుభ్రంగా ఉంచాలి' తీసి పైన పెట్టాడు. "ఎక్కడైతే ఏంటమ్మా, పక్క తడిగా ఉండకూడదు, అంతే" అన్నాడు. ముందు వారం ఆస్పత్రిలో గంటకు పైగా తడి పక్క మీదే ఉన్నాడని నాకు అప్పుడే తెలిసింది.

పక్క మంచం ఆయనదీ అదే జబ్బు, అదే స్టేజి. ఆయనకి నొప్పి లేకపోతే చాలు, నిద్రలోనే ఉంచేసినా పర్లేదన్నాడు. నాన్నేమో మాట ముద్దగా అయిపోయేంత మార్ఫిన్ వద్దు, కాస్త ఓర్చుకుంటా, వచ్చినవాళ్లని గుర్తుపట్టాలి అన్నాడు. 2000లో అమెరికాలో వచ్చిన ఒక సర్వేలో, తీవ్రంగా జబ్బుపడ్డవాళ్లలో 92 శాతం మంది తెలివిలో ఉండటం ముఖ్యమన్నారు, డాక్టర్లలో 65 శాతమే. రోగులు వరుస పెట్టిన తొమ్మిదింటిలో ఇంట్లో పోవడం అట్టడుగున ఉంది! అది ముందే చదివుంటే నా ధీమా కాస్త తగ్గేది.

లోపం చెప్పాలంటే, ఎదురు మంచం ఆవిడ కట్ట చూడగానే ముఖం తిప్పేసుకుని "నాకేం చెప్పొద్దు, మా అబ్బాయితో మాట్లాడుకోండి" అన్నారు. అదీ ఒక కోరికే కదా, కానీ అలాంటి ముక్క నాకు ఇందులో కనబడలేదు. జోకర్ ఉందిగా అంటారేమో, అసలు ఆటే వద్దన్న మనిషికి జోకర్ ఎందుకు? అందుకే ఒక స్టార్ తగ్గించా. ఇంకోటి, ఒక్కసారి ఆడి వదిలేయకండి. మూడు వారాల తర్వాత మళ్లీ సర్దమంటే నాన్న 'భారం కాకూడదు' కిందకి దించేసి 'ఒంటరిగా పోకూడదు' పైకి తెచ్చాడు. రెండుసార్లూ ఫోటో తీసి డాక్టరుకి చూపించాం.

జోకర్‌కి నాన్న చెప్పింది చెవి మిషన్ గురించి. తీసెయ్యొద్దు, బ్యాటరీ చూస్తూ ఉండండి అని. చివరి రెండు రోజులూ కళ్లు తెరవలేదు. బ్యాటరీ రెండుసార్లు మార్చాను.