పేరు చెప్పని ప్రేమ, పేరు పెట్టి పిలిచే భక్తి

సంగం కాలపు, అంటే సుమారు రెండు వేల ఏళ్ల కిందటి తమిళ ప్రేమ కవితల్లో ప్రేమికులకు పేర్లుండవు. అది అక్కడి నియమం. మనసు సంగతి నేల చెబుతుంది: కొండ అంటే కలయిక, అడవి అంటే ఎదురుచూపు, పొలం అంటే అలక, సముద్రతీరం అంటే బెంగ, ఎండిన దారి అంటే ఎడబాటు. ఆ కాలపు చిన్న ప్రేమ కవితల సంకలనం కురుంతొగైలో ఒక ప్రియుడు అడుగుతాడు: మా అమ్మ, మీ అమ్మ ఒకరికొకరు ఏమవుతారు? అయినా ఎర్రనేల మీద పడ్డ వానలా మన మనసులు కలిసిపోయాయి కదా! ఆ కవి అసలు పేరు తెలియక, ఆ పోలికనే పేరుగా పెట్టుకున్నారు.

శ్రీవిల్లిపుత్తూరు భక్త కవయిత్రి ఆండాళ్ (మన గోదాదేవి) దగ్గర ఈ మరుగు లేదు. ప్రియుడి పేరు, ఆయన కొండ, అన్నీ చెప్పేస్తుంది. తన పాటల కావ్యం నాచ్చియార్ తిరుమొళిలో మబ్బుల్ని వేంకటేశుడి దగ్గరికి రాయబారం పంపుతుంది. ఆయన పెదవులు కర్పూరం వాసన వేస్తాయా, తామరపువ్వు వాసనా అని ఆయన ఊదే శంఖాన్నే నిలదీస్తుంది. ఆ చనువు, ఆ అసూయ చూశాక ఇది భక్తి కాబట్టి ప్రేమ పాలు తక్కువ అనడానికి నాకు నోరు రాదు.

మనకు ఆండాళ్ ఆముక్తమాల్యద వల్ల దగ్గరే. ధనుర్మాసంలో తిరుమలలో సుప్రభాతం బదులు ఆమె తిరుప్పావై 30 పాశురాలే వినిపిస్తాయి. అయినా ముందు కురుంతొగై చదవమంటాను. కవితలు చిన్నవి, పైగా ఆండాళ్ ఆ పాత సామగ్రిని దేవుడి వైపు ఎలా తిప్పిందో అప్పుడే బాగా తెలుస్తుంది.