ఆ కిట్ కారు కొనేముందు ఇది చదవండి: రంగు కింద లప్పం, ఫోన్‌లో దబాయింపు

అడ్వాన్స్ కట్టినవాళ్ళు, కట్టబోతున్నవాళ్ళు దయచేసి ఒక్కసారి ఆగండి. లోటస్ సెవెన్ అనే పాత బ్రిటిష్ స్పోర్ట్స్ కారు తరహాలో రెండు సీట్ల ఓపెన్ కారు కిట్, అంటే మనమే ఇంట్లో బిగించుకునే విడిభాగాలు, అమ్ముతున్న ఆ కంపెనీ గురించే ఈ పోస్ట్. పేరు రాయడం లేదు. "వెల్డింగ్ అక్కర్లేదు, స్పానర్ సెట్ ఉంటే చాలు" అన్న వాళ్ళ ప్రకటన చూసినవాళ్ళకి పేరు చెప్పాల్సిన పని కూడా లేదు. నిన్న రాత్రి వాళ్ళతో మాట్లాడి ఫోన్ పెట్టేసిన దగ్గర్నుంచి నాకు నిద్ర లేదు. కోపం తగ్గాక రాద్దామంటే ఈలోగా ఇంకెవరైనా డబ్బు కట్టేస్తారేమోనని ఇప్పుడే రాస్తున్నాను.

వెనకటి సంగతి క్లుప్తంగా చెప్పేస్తాను. ఇంజను, గేర్‌బాక్సు, డిఫరెన్షియల్ ఒక పాత కారు నుంచి నేనే విప్పి సిద్ధం చేసుకున్నాను. వాళ్ళ దగ్గర్నుంచి రావలసింది ఛాసిస్ (ట్యూబులు వెల్డ్ చేసి కట్టిన కారు చట్రం), సస్పెన్షన్ భాగాలు, ఫైబర్ బాడీ, వైరింగ్. చెప్పిన తేదీ ఎప్పుడో దాటాక వచ్చాయి. బ్రేకు పైపుల ప్యాకెట్టు లేదు, పార్టుల లిస్టులో మాత్రం దానికి టిక్కు పెట్టి ఉంది. మడ్‌గార్డు ఒకటి అంచు దగ్గర పగిలింది. కిట్ కారు కట్టేవాళ్ళకి ఇలాంటివి కొత్తేం కాదు, సర్దుకుపోతాం. నేనూ సర్దుకుపోయాను. నా బాధ వీటి గురించి కాదు.

ముందు ఎడమ వైపు కింది విష్‌బోన్ బిగిస్తుంటే మొదలైంది. విష్‌బోన్ అంటే చక్రాన్ని ఛాసిస్‌కి కలిపే V ఆకారపు చేయి, దానికి రెండు కాళ్ళుంటాయి. రెండూ ఛాసిస్ మీద వెల్డ్ చేసిన బ్రాకెట్లలో కూర్చోవాలి. ముందు బోల్టు హాయిగా దూరింది. వెనక బోల్టు సగం దాకా వెళ్ళి ఆగిపోయింది. విష్‌బోన్ పక్కన పెట్టి, తిన్నగా ఉన్న 12 మిల్లీమీటర్ల రాడ్డు ఒకటి తీసుకుని రెండు బ్రాకెట్లలోంచీ కలిపి దూర్చి చూశాను. కుడి వైపు నూనె రాసినట్టు జారిపోయింది. ఎడమ వైపు వెనక బ్రాకెట్ దగ్గరికి వచ్చేసరికి రాడ్డు కొస రంధ్రానికి ఎదురుగా లేదు, పక్క రేకుకి కొట్టుకుంటోంది. ఛాసిస్ ఐమూల కొలతలు తీస్తే అవీ కలవలేదు.

ఫోన్ చేస్తే వాళ్ళిచ్చిన సలహా ఇది: "గుండ్రటి ఆకురాయి తీసుకుని రంధ్రం కాస్త రాసుకోండి సార్, దూరిపోతుంది." సస్పెన్షన్ బ్రాకెట్‌లో రంధ్రాన్ని పెద్దది చేసుకోమంటున్నారు! రంధ్రం కోలగా అయితే బోల్టు అందులో ఆడుతుంది. వీల్ అలైన్‌మెంట్ నిలవదు. గుంతలో పడిన ప్రతిసారీ దెబ్బ తగిలి ఆ రంధ్రం ఇంకా పెద్దదవుతుంది. బ్రేకు తొక్కినప్పుడు రోడ్డు చక్రాన్ని వెనక్కి లాగుతుంది, ఆ లాగుడంతా ముందు పడేది కింది విష్‌బోన్ మీదే. ఆ విష్‌బోన్‌ని ఛాసిస్‌కి పట్టి ఉంచేవి ఈ చిన్న బ్రాకెట్లే. దీన్ని ఆకురాయితో సరిచేసుకోమని కారు అమ్మేవాళ్ళు ఎలా చెప్పగలిగారో నాకిప్పటికీ అర్థం కావడం లేదు.

నేను ఆకురాయి పెట్టలేదు. బ్రాకెట్ ఎంత పక్కకి పోయిందో కొలవడానికి గీత గీద్దామని, జిడ్డు పోవడానికి ఆ మూలని థిన్నర్ గుడ్డతో తుడిచాను. నల్ల రంగు గుడ్డకి వచ్చేసింది.

బిల్లులో పౌడర్ కోటింగ్ అని రాసి, దానికి విడిగా డబ్బు తీసుకున్నారు. పౌడర్ కోటింగ్ అంటే రంగు పొడిని లోహానికి పట్టేలా చల్లి, ఓవెన్‌లో దాదాపు 180 నుంచి 200 డిగ్రీల సెల్సియస్ వేడిలో కాలుస్తారు. సరిగ్గా కాలిన కోటింగ్ ఇలా ఒక్క తుడుపుకి ఊడిరాదు. ఇంకా తుడిచాను. నలుపు కింద బూడిద రంగు ప్రైమర్, దాని కింద లేత పసుపు. స్క్రూడ్రైవర్ కొసతో గీకితే పొడి రాలింది. లప్పం! డోరు సొట్టలకి పూసే లప్పం. వెల్డ్ ఉండాల్సిన మూలలో అది కూరి, వేలితో నున్నగా లాగి, పైన నల్ల స్ప్రే కొట్టారు. ఆ వేలు లాగిన చార ఇంకా అలాగే ఉంది. మామూలు బాడీ లప్పం ఆ ఓవెన్ వేడికి తట్టుకోదు, పొంగి పగులుతుంది. అంటే ఈ ఛాసిస్ ఓవెన్‌లోకి వెళ్ళనే లేదు. ఇది పొరపాటున జరిగింది కాదు. ఎవరో ఆ వెల్డ్‌ని చూశారు, బాగాలేదని వాళ్ళకి అర్థమైంది, మళ్ళీ వెల్డ్ చేయకుండా కప్పేశారు.

ఫోటోలు పంపాను. జవాబు మర్యాదగానే వచ్చింది. "వెల్డ్ కనిపించేలా రంగు పూర్తిగా తీసేసి, బేర్ మెటల్ ఫోటోలు పంపండి. లోపం ఉంటే ఛాసిస్ మార్చి ఇస్తాం." ఈ మెసేజ్ నా దగ్గర భద్రంగా ఉంది.

వాళ్ళు అడిగినట్టే చేశాను. లప్పం తవ్వి, వైర్ బ్రష్‌తో లోహం మెరిసేదాకా శుభ్రం చేశాను. నాకు తెలిసిన వెల్డర్ అన్న ఒకాయన వచ్చి చూశాడు. ట్యూబు గోడ మందం 1.6 మిల్లీమీటర్లు, బ్రాకెట్ 3 మిల్లీమీటర్లు. పల్చటి ట్యూబుకి బొక్క పడుతుందని కరెంటు తగ్గించి లాగేస్తే మందపాటి బ్రాకెట్ చాలినంత వేడెక్కదు. లోహం దాని మీద పేరుకుంటుంది తప్ప కరిగి కలవదు. ఇక్కడ జరిగిందదే. బీడ్ (వెల్డ్ చేసిన గీత) ట్యూబుకి అతుక్కుని ఉంది, బ్రాకెట్ వైపు ఊరికే ఆనుకుని ఉంది. "చేయి తిరిగినవాడైతే వేడిని బ్రాకెట్ మీద ఎక్కువసేపు నిలుపుతాడు తమ్ముడూ. ఇది లెక్క కోసం లాగేసిన పని" అన్నాడు. తన దగ్గరున్న డై పెనెట్రంట్ డబ్బాలతో, అంటే కంటికి కనపడని పగుళ్ళని రంగుతో బయటపెట్టే ద్రవాలతో, టెస్టు కూడా చేశాడు. ఎర్ర ద్రవం చల్లి, కాసేపు నాననిచ్చి, పైన ఉన్నదంతా తుడిచేసి, తెల్ల డెవలపర్ కొట్టాడు. ఆ తెల్లటి పూత మీద బ్రాకెట్ అంచు పొడవునా సన్నటి ఎర్ర గీత మెల్లగా పైకి తేలింది. అంటే అక్కడ లోహం కలవలేదు, సందు ఉంది. నాకు కడుపులో తిప్పింది. ఆ కార్లో పక్క సీట్లో కూర్చోవాలని మా అబ్బాయి రోజులు లెక్కపెట్టుకుంటున్నాడు.

ఫోటోలు, వీడియో అన్నీ పంపాను. చాలాసేపు ఉలుకూ పలుకూ లేదు. నిన్న రాత్రి ఫోన్ వచ్చింది. ఛాసిస్ ఎప్పుడు మారుస్తారో చెప్పడానికే చేశారనుకుని ఎత్తాను.

"సార్, మీరు కోటింగ్ తీసేశారు కదా. కస్టమర్ కోటింగ్ తీస్తే వారంటీ వర్తించదు. కండిషన్లలో ఉంది, చూసుకోండి."

మీరే కదండీ తీయమన్నది, మెసేజ్ ఉంది కదా అన్నాను. "అది సపోర్ట్ వాళ్ళు మామూలుగా పంపే మెసేజ్ సార్, దానికీ వారంటీకీ సంబంధం లేదు." మరి ఆ లప్పం ఎవరు పెట్టారని అడిగాను. "అది మీరు పెట్టలేదని మాకేంటి గ్యారంటీ?" అన్నాడు. అక్షరాలా ఇదే మాట. నేను పంపిన మొదటి ఫోటోల్లో వాళ్ళ నల్ల రంగు కింద నుంచి లప్పం బయటపడుతూ కనిపిస్తోంది. ఆ ఫోటోలు చూశాకే రంగు మొత్తం తీయమన్నారు. తీయించి, తీశావు కాబట్టి పో అంటున్నారు. పైగా దొంగతనం నా మీదే పెడుతున్నారు. చివర్లో చిన్నగా నవ్వి, "ఇంట్లో నట్లు బిగించుకునేవాళ్ళకి వెల్డింగ్ గురించి ఏం తెలుస్తుందండీ, బిగించి నడపండి, ఏం కాదు" అని పెట్టేశాడు.

ఆ నవ్వు ఇంకా చెవిలో ఉంది. డబ్బు పోయినదానికంటే అదే ఎక్కువ మండుతోంది. ఇంట్లో నట్లు బిగించుకునేవాళ్ళు లేకపోతే ఈ వ్యాపారమే లేదు. లోటస్ సెవెన్ 1957లో వచ్చినప్పుడు దాన్ని కిట్‌గా కూడా అమ్మారు. బ్రిటన్‌లో అప్పట్లో పూర్తిగా తయారైన కారు మీద ఉన్న పర్చేజ్ ట్యాక్స్ విడిభాగాల కిట్‌కి పడేది కాదు కాబట్టి, చాలామంది తమ షెడ్లలోనే బిగించుకున్నారు. వాళ్ళు ఇంజనీర్లేం కాదు. కంపెనీ పంపిన ఛాసిస్ సరిగ్గా ఉంటుందని నమ్మారు. ఇవాళ మనమూ అదే నమ్మకంతో కొంటున్నాం. ఇంజను మనం విప్పగలం, వైరింగ్ లాగగలం, బ్రేకుల్లో గాలి తీయగలం. ఇంట్లో జిగ్ (ముక్కలు కదలకుండా కొలత ప్రకారం పట్టి ఉంచే చట్రం) పెట్టి ఛాసిస్ వెల్డ్ చేసుకోవడం అందరివల్లా కాదు. అందుకే కదా ఆ ఒక్కదానికి వాళ్ళకి డబ్బిచ్చేది. ఏ పని మన చేతిలో లేదో ఆ పనిలోనే మోసం చేశారు.

ఇప్పుడు ఛాసిస్ స్టాండ్ల మీద ఉంది. దాన్ని ఇక ముట్టుకోను. వెల్డర్ అన్న బ్రాకెట్ కోసి మళ్ళీ పెడతానన్నాడు గానీ, ఒక మూలలో లప్పం పెట్టినవాళ్ళు మిగతా మూలల్లో ఏం పెట్టారో ఎవరు చెప్పగలరు? కార్డుతో కట్టిన భాగానికి బ్యాంకులో డిస్ప్యూట్ పెట్టాను. వినియోగదారుల ఫిర్యాదుకి కాగితాలు సర్దుతున్నాను. మెసేజ్‌లు, బిల్లు, వీడియో అన్నీ ఉన్నాయి, వదిలిపెట్టను.

ఇంకా డబ్బు కట్టనివాళ్ళు ఛాసిస్‌ని రంగు లేకుండా, ఉత్త లోహంతో పంపమని అడగండి. కోటింగ్ తర్వాత మీరే వేయించుకోవచ్చు. పంపం అంటే కొనకండి. ఇప్పటికే ఛాసిస్ వచ్చినవాళ్ళు రంగు తీసేముందు, తీసినా వారంటీ ఉంటుందని కంపెనీ మెయిల్ నుంచి రాతపూర్వకంగా తీసుకోండి.

వీళ్ళ కారు బిగించేసి నడుపుతున్నవాళ్ళు ఎవరైనా ఇది చదువుతుంటే, ఇవాళే కింద పడుకుని ముందు చక్రాల దగ్గర కింది విష్‌బోన్ బ్రాకెట్లు నాలుగూ చూడండి. సీటు బెల్టు బోల్టులు పట్టే ప్లేట్ల వెల్డింగ్ కూడా చూడండి, అవీ ఆ చేతులే చేసి ఉంటాయి. ఒక మూల థిన్నర్ గుడ్డతో తుడవండి. రంగు గుడ్డకి అంటితే, వెల్డర్‌కి చూపించేదాకా బండి బయటికి తీయకండి.