నిషికసాయ్‌లో రెండేళ్లు: టోక్యోలో చదువుకునే విద్యార్థికి ఈ పేట సరిపోతుందా?

టోక్యోలో సీటు వచ్చిందని చెప్పగానే మనవాళ్లలో ఎవరైనా మొదట చెప్పే పేటపేరు నిషికసాయ్. నేనూ అలాగే విని, మరో పేట వైపు సరిగ్గా చూడకుండానే అక్కడ గది తీసుకుని, మాస్టర్స్ చదివిన రెండేళ్లూ అక్కడే ఉన్నాను. వచ్చే ఏప్రిల్‌లో డాక్టరేట్ మొదలవుతుంది, గది ఒప్పందం గడువు ఈ మార్చితో తీరిపోతుంది. ఉండాలా, కదలాలా అని నెల రోజులుగా తేల్చుకుంటున్న సందర్భంలో ఈ పేట మంచిచెడ్డలు రాస్తున్నాను.

నిషికసాయ్ టోక్యో తూర్పు అంచున, ఎదోగావా వార్డులో, అరకావా నదికి ఆవల ఉంటుంది. ఇక్కడి మెట్రో స్టేషను 1979లో తెరుచుకుంది. 2000 సంవత్సరపు కంప్యూటర్ల సమస్యను సరిదిద్దడానికి మన దేశం నుంచి వచ్చిన సాఫ్ట్‌వేర్ ఇంజనీర్లు ఇక్కడ స్థిరపడ్డారు. వారు పనిచేసే బ్యాంకులు, ఆర్థిక సంస్థలు ఉన్న ఓతెమాచి, కయబాచో, నిహోంబాషి స్టేషన్లన్నీ నిషికసాయ్ మీదుగా పోయే తోజాయ్ మెట్రో లైనుమీదే ఉండడం, జామీనుదారు అవసరంలేని ప్రభుత్వరంగ యూఆర్ ఫ్లాట్లు స్టేషనుకు నడిచే దూరంలో దొరకడం అందుకు కారణాలు. టోక్యో 23 వార్డుల్లో భారతీయులు అందరికంటే ఎక్కువగా ఉన్నది ఎదోగావాలోనే. అంటే ఈ పేటను మనవాళ్లు ఎంచుకున్నది మొదట ఉద్యోగుల లెక్కతో. విద్యార్థి లెక్క వేరు. ఆ సంగతి నాకు వచ్చాక గాని అర్థం కాలేదు.

విద్యార్థి లెక్కలో మొదటిది రైలు. నేను చదివేది వాసెదా స్టేషను దగ్గర. అదృష్టవశాత్తూ అదీ తోజాయ్ లైనే కాబట్టి రైలు మారకుండా అరగంటలోపు చేరతాను. చదివే చోటు ఈ లైనుమీద లేకపోతే ఎక్కడో ఒకచోట మారక తప్పదు. నిషికసాయ్‌లో వేగరైళ్లు ఆగవు కనుక మారేచోట పోయే నిమిషాలు తోడై రోజూ రానుపోను రెండు గంటలు దాటడం సులభమే. ఉదయపు రద్దీ సంగతి సరేసరి. కిబా నుంచి మొంజెన్‌నకాచో వరకు ఉన్న భాగం 2019 లెక్కల్లో 199 శాతం రద్దీతో దేశంలోనే మొదటి స్థానంలో నిలిచింది. రవాణా మంత్రిత్వశాఖ అప్పటి నిర్వచనం ప్రకారం 200 శాతం అంటే ఒళ్లు ఒళ్లు తగిలి గట్టిగా నొక్కుకున్నా, వారపత్రికను ఎలాగో చదవగలిగే స్థితి. ఆ నిర్వచనం రాసిన పెద్దమనిషి ఏ పత్రిక చదివాడో తెలియదు గాని, నా చేతిలోని ఫోను మొంజెన్‌నకాచో దాటేవరకు ముఖం దాకా వచ్చేది కాదు. కోవిడ్ తరవాత రద్దీ బాగా తగ్గిన మాట నిజమే. అయినా మొదటి పీరియడ్ ఉన్న రోజున ఏడున్నరకే బయలుదేరడం మేలు. ఓతెమాచిలో సగం బోగీ దిగిపోతుంది, అక్కడినుంచి ఊపిరి ఆడుతుంది. గాలి బలంగా వీచిన రోజున అరకావా వంతెనమీద రైళ్లు నెమ్మదిస్తాయి, ఒక్కోసారి ఆగిపోతాయి కూడా. 1978 ఫిబ్రవరి 28న ఆ వంతెనమీదే సుడిగాలికి బోగీలు పక్కకు ఒరిగిపోయాయని తెలిశాక ఆ ఆలస్యాన్ని తిట్టుకోవడం మానేశాను.

గది దొరకడం ఇక్కడ కూడా అంత తేలిక కాదు. భారతీయులు ఇంతమంది ఉన్న పేట కదా, మనల్ని చూడగానే తలుపు తీస్తారనుకోవడం పొరపాటు. నేను వెళ్లిన అద్దె ఇళ్ల ఏజెన్సీలో ఒక అమ్మాయి నా ఎదుటే వరసగా యజమానులకు ఫోను చేసి, ప్రతి ఒక్కరితోనూ మొదటి మాటగా "గైకోకుజిన్ నాన్ దెసు గా" అనేది. అద్దెకు అడుగుతున్నది విదేశీయుడండీ, అని. ఆ "గా" దగ్గర గొంతు కాస్త దించి ఆగేది. అవతలివైపు సమాధానం అక్కడే తెలిసిపోయేది. ఏడో ఫోనుకు ఒకరు సరేనన్నారు. 1988లో కట్టిన భవనం, రెండో అంతస్తు, ఆరు తతామీల (అంటే నేలమీద ఆరు గడ్డిచాపలు పట్టేంత) గది, వంటకు గోడవారగా చిన్న గట్టు, నెలకు 68,000 యెన్లు. భూకంపాలను తట్టుకునే కొత్త ప్రమాణాలు 1981 జూన్ నుంచి అమలయ్యాయి కాబట్టి భవనం ఏడాదిని మాత్రం అడిగి తెలుసుకోవాలి. స్టేషనుకు ఆరు నిమిషాల నడక అని ప్రకటనలో ఉంది. అక్కడ నిమిషమంటే 80 మీటర్లు, దారిలో సిగ్నళ్ల దగ్గర నిలబడే సమయం లెక్కలోకి రాదు. నా నడకకు తొమ్మిది నిమిషాలు పట్టేది.

మొదటిరోజు కట్టిన డబ్బు వివరంగా చెప్పడం అవసరం, ఎందుకంటే ఇంటి దగ్గర బ్యాంకు రుణం తీసుకునేటప్పుడు ఈ పద్దు ఎవరూ వేయరు. మొదటి నెల అద్దె, తిరిగివచ్చే డిపాజిట్టు షికికిన్ ఒక నెల, యజమానికి కానుకగా ఇచ్చి మరిచిపోవలసిన రెయ్‌కిన్ ఒక నెల, ఏజెన్సీకి ఒక నెల అద్దె, దానిమీద పన్ను, జామీను సంస్థకు అర నెల, అగ్నిప్రమాద బీమా, తాళం మార్పిడి, అన్నీ కలిసి సుమారు 3,47,000 యెన్లు అయింది. అంటే అయిదు నెలల అద్దె పైచిలుకు. రెండేళ్లకు ఒప్పందం కొనసాగించాలంటే ఇంకో నెల అద్దె. వారానికి 28 గంటలకు మించి పనిచేయకూడని విద్యార్థికి ఇది చిన్న మొత్తం కాదు.

ఇక తిండి విషయంలో ఈ పేటకు వంక పెట్టలేను. కందిపప్పు, చింతపండు, ఇడ్లీ బియ్యం, సోనామసూరి, సీసాల్లో గోంగూర పచ్చడి, గడ్డకట్టించిన కరివేపాకు, అన్నీ పది నిమిషాల నడకలో దొరుకుతాయి. వచ్చిన మొదటి శనివారం ఒక కిరాణా దుకాణంలో బస్తా సోనామసూరిని సైకిలు బుట్టలో ఎలా సర్దాలా అని తంటాలు పడుతుంటే, వెనకనుంచి "అడ్డంగా కాదు బాబూ, నిలువుగా పెట్టు" అన్న మాట వినిపించింది. ఆ గుంటూరు యాసకు ఆ క్షణాన కళ్లు చెమర్చాయని ఒప్పుకోవడానికి నాకు సిగ్గు లేదు. స్టేషను దక్షిణపు ద్వారం దగ్గర భోజనశాలలున్నాయి, శరదృతువులో దీపావళి ఉత్సవం జరుగుతుంది, ఇదే వార్డులోని ఫునబోరిలో ఇస్కాన్ ఆలయం ఉంది. జబ్బుచేసిన రోజున చారన్నం తెచ్చిపెట్టే మనుషులు పక్కవీధిలో ఉండడం ఏ ప్రకటనలోనూ రాయని సౌకర్యం.

దానికి చెల్లించే మూల్యం భాష. నా మొదటి చలికాలంలో విశ్వవిద్యాలయం బయట మూడు వారాలపాటు జపనీస్‌లో ఒక్క పూర్తి వాక్యం మాట్లాడలేదని గుర్తించి భయపడ్డాను. దుకాణంలో హిందీ, గదిలో తెలుగు, ప్రయోగశాలలో ఇంగ్లీషు. ఆ తరవాతే బుద్ధి తెచ్చుకుని మన హోటళ్లలో పని వదిలి, బెంతో అనే భోజనం డబ్బాలు అమ్మే ఒక దుకాణంలో సాయంత్రపు బైతోకు, అంటే పార్ట్‌టైమ్ పనికి కుదిరాను. నా జపనీస్‌కు ఇంకొక గురువు కింది అంతస్తులోని ముసలావిడ. చెత్త సంచులమీద కాకులు పడకుండా కప్పే నీలం వలను నేను సరిగ్గా లాగలేదని ఓ ఉదయం పిలిచి, వల అంచున రాయి ఎలా పెట్టాలో చేసి చూపింది. రెండేళ్లలో ఆవిడ దగ్గర నేర్చిన మాటలు తరగతిలో నేర్చినవాటికి తీసిపోవు.

అన్నిటికంటే ముఖ్యమైనదీ, ఎవరూ చెప్పనిదీ నేల ఎత్తు. ఎదోగావా వార్డులో సుమారు డెబ్బై శాతం నేల పోటు సమయపు సముద్రమట్టం కంటే పల్లంలో ఉంది. గత శతాబ్దంలో భూగర్భజలాలను విపరీతంగా తోడేయడంవల్ల నేల కుంగిపోయింది. 2019 మేలో వార్డు కార్యాలయం ప్రచురించిన వరద ముప్పు పటంలో వార్డు మొత్తాన్ని చూపిస్తూ "కోకో ని ఇతే వా దమే దెసు" అని రాశారు. ఇక్కడ ఉండకూడదు అని. తన ప్రజలకు ఇంత ముక్కుసూటిగా చెప్పిన ప్రభుత్వ కాగితాన్ని నేను మరెక్కడా చూడలేదు. నదులు పొంగి గట్లు తెగితే నీరు వారం, రెండు వారాలకు పైగా నిలిచిపోవచ్చని, కాబట్టి ముందుగానే వార్డు దాటి వెళ్లిపోవాలని దాని సారాంశం. అదే ఏడాది అక్టోబరు 12న హగిబిస్ తుపాను వచ్చినప్పుడు వార్డు పశ్చిమభాగంలో సుమారు 4,30,000 మందికి ఇళ్లు విడిచి వెళ్లమని సూచించారు. 2020 ఆగస్టు నుంచి ఒప్పందానికి ముందు ఈ పటంలో ఇల్లు ఎక్కడుందో చూపించడం ఏజెన్సీల చట్టబద్ధమైన బాధ్యత అయింది. నాకూ చూపించారు. నేను తలూపి సంతకం పెట్టాను. మాది కోనసీమ. 1986 ఆగస్టు గోదావరి వరద కథ మా నాన్న చెప్పని ఏడాది లేదు. ఏటిగట్టు కింద పుట్టి పెరిగినవాణ్ని, గట్టు వెనక ఉన్న ఇంటికి సంతకం పెట్టేముందు ఆ కాగితం తీరిగ్గా చదవకపోవడం నా తప్పే.

ఆ పటాన్ని శ్రద్ధగా చూస్తే ఒక విచిత్రం కనిపిస్తుంది. రైలు పట్టాలకు ఉత్తరాన ఉన్న పాత ఊరు పల్లం, దక్షిణాన సముద్రాన్ని పూడ్చి కట్టిన సెయ్‌షిన్‌చో, రింకాయ్‌చో మెరక. నిన్నమొన్న పోసిన మట్టి తరతరాల నేలకంటే ఎత్తుగా ఉందన్నమాట. అందుచేత నిషికసాయ్ మంచిదా అని ఎవరైనా అడిగితే, పట్టాలకు ఏవైపు, ఎన్నో అంతస్తు అని నేను తిరిగి అడుగుతాను.

ఈసారైనా ఇతర పేటలు చూడలేదా అంటే, చూశాను. షిన్‌ఓకుబో వాసెదాకు దగ్గర, మసాలాలూ దొరుకుతాయి, కాని నా అద్దెకు అక్కడ చూపిన గదిలో పరుపు పరిస్తే తలుపు తెరుచుకోదు. ఇదే లైనుమీద నది దాటి చిబా ప్రాంతంలోకి వెళితే గ్యోతోకులో అద్దెలు తగ్గుతాయి గాని నేల అక్కడా ఎత్తేమీ కాదు. తోజాయ్ లైనుమీద చదివేవారికి, వచ్చిన మొదటి ఏడాది ఇంటిబెంగ తట్టుకోలేమనుకునేవారికి నిషికసాయ్‌ని నిస్సంకోచంగా సూచిస్తాను. చదివే చోటు నగరానికి పడమరన ఉన్నవారు పచ్చళ్లకోసం ఇంతదూరం రావద్దు. ఆదివారం వచ్చి కొనుక్కుపోతే చాలు.

నేను మాత్రం గది ఖాళీ చేస్తున్నాను, పేట కాదు. ఉద్యోగం చేస్తున్న నెల్లూరు మిత్రుడితో కలిసి సెయ్‌షిన్‌చోలో యూఆర్ ఫ్లాటు తీసుకుంటున్నాం. యూఆర్ అడిగే ఆదాయ ప్రమాణం అతని జీతంతో సరిపోయింది. రెయ్‌కిన్ లేదు, ఏజెన్సీ రుసుము లేదు, రెండేళ్లకోసారి కట్టే కొనసాగింపు రుసుమూ లేదు. నా వంతు అద్దె 4,000 యెన్లు పెరిగింది, స్టేషనుకు నడక పావుగంటయింది. అయిదో అంతస్తు. కింది అంతస్తు ముసలావిడకు ఈ సంగతి చెబితే, అక్కడ చెత్తకు ఏయే రోజులో ముందే కనుక్కోమంది.