అరకులో పిట్టల లెక్క: ఎక్కడ దిగాలి, ఎవరికి డబ్బివ్వాలి

పిట్టల కోసం వెళ్లేవాళ్లు అరకు ఊళ్లో బస చేయకండి. కిందనే, ఘాట్ దారిలో ఉన్న ట్యాడ అనే ఊరి దగ్గర దిగండి. ఈ మాట ముందే చెప్పేవాళ్లు ఉంటే మాకు ఒక ఉదయం, కొన్ని వేల రూపాయలు మిగిలేవి.

ఏటా ఫిబ్రవరిలో నాలుగు రోజులు, ఎవరికి కనిపించిన పిట్టల్ని వాళ్లు లెక్కపెట్టి పంపే గ్రేట్ బ్యాక్‌యార్డ్ బర్డ్ కౌంట్ కోసం మావారు, మామయ్యగారు, నేను బయలుదేరాం. విశాఖ నుంచి కిరండూల్ రైలు ప్రయాణం హాయిగా సాగింది.

'పక్షుల వీక్షణ ప్యాకేజీ' అన్న ప్రకటన నమ్మి అరకులోనే ఒక రిసార్టులో గదులు తీసుకున్నాం. గదికి రాత్రికి 3,400 రూపాయలు, ఉదయపు నడకకు మనిషికి 1,200 అదనం. రాత్రి పదకొండున్నర దాటినా పెరట్లో నెగడు చుట్టూ డీజే మోగుతూనే ఉంది. తగ్గించమని అడిగితే, "శనివారం కదా మేడమ్, అందరూ సరదా కోసమే వస్తారు" అన్నాడు మేనేజరు. ఆరింటికి వస్తాడన్న గైడు ఎనిమిదిన్నరకు వచ్చాడు. అప్పటికే ఎండెక్కి తోటంతా సద్దుమణిగింది.

వచ్చినవాడు చేసిన పని ఇంకా ఘోరం. చేతి స్పీకరులో చిన్న గుడ్లగూబ కూత పెట్టాడు. శత్రువు వచ్చిందనుకుని బుల్లి పిట్టలన్నీ అరుస్తూ కొమ్మల్లోకి దూసుకొచ్చాయి. "చూశారా, ఎన్ని వచ్చాయో!" అని సంబరపడ్డాడు. ముప్పై ఏళ్లు సైన్సు పాఠాలు చెప్పిన మామయ్యగారు, "బెదరగొట్టి పోగేసిన గుంపును లెక్కలో ఎలా రాస్తావు బాబూ?" అని వెనక్కి తిరిగారు. ఆ పూట ఎవరితోనూ మాట్లాడలేదు. డబ్బు వెనక్కి అడిగితే ఒక్క రూపాయీ ఇవ్వలేదు. ప్యాకేజీల వాళ్లను ఫోనులోనే అడగండి: స్పీకరు వాడతారా, ఎన్ని గంటలకు బయలుదేరతారు అని. తడబడితే వదిలేయండి.

మర్నాడు 1,800 ఇచ్చి జీపులో ట్యాడకు దిగిపోయాం. గది 1,500, వేడినీళ్లు బకెట్లో తెచ్చి ఇచ్చారు. మావారికి అదొక్కటే నచ్చలేదు. దగ్గరి గూడెం నుంచి వచ్చిన కుర్రాడు తెల్లవారకముందే దుప్పటి కప్పుకుని గుమ్మం ముందు నిలబడ్డాడు. ఉదయానికి 700 అడిగాడు, మేం వెయ్యి ఇచ్చాం. అతను నడిచేది తక్కువ, ఆగి వినేది ఎక్కువ. "కదలకండమ్మా, పొద కింద ఉంది" అనేవాడు. కాసేపటికి నారింజరంగు తల కసవులోంచి బయటికొచ్చేది. ఆరెంజ్-హెడెడ్ థ్రష్ అది, ఆకులు తిరగేస్తూ పురుగులు ఏరుకుంటోంది. పైన గ్రీనిష్ వార్బ్లర్లు. సైబీరియా వైపు నుంచి చలికాలానికి వచ్చి, ఇక్కడ ఒక్కొక్కటీ తన చెట్ల జాగాను కాపలా కాసుకుంటాయి. గుప్పెడు పిట్ట అంత దూరం ఎగిరొచ్చిందంటే నాకు ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది.

మామయ్యగారి మనసు మాత్రం ఆబట్స్ బాబ్లర్ మీదే. ఈశాన్యంలో ఎక్కువగా ఉండే ఈ పిట్ట తూర్పు కనుమల్లో విడిగా బతుకుతోంది. ఇక్కడి ఉపజాతికి 1985లో రిప్లీ, బీలర్ అనే పక్షి శాస్త్రవేత్తలు విశాఖకు చెందిన పక్షి పరిశీలకుడు కె.ఎస్.ఆర్. కృష్ణరాజు పేరు పెట్టారు. ఆయన ఊరివాళ్లం మేం, ఎలాగైనా చూడాలని వాగు పక్కన చాలాసేపు కూర్చున్నాం. కనిపించలేదు. మామయ్యగారి కోపం మాత్రం పోయింది, ఉప్మా రెండోసారి అడిగి తిన్నారు. ప్లేటు 40 రూపాయలు, వేరుశనగ చట్నీతో. రిసార్టులో 250 పెట్టిన టిఫిను దీని ముందు దిగదుడుపే.

లెక్కకు కనీసం పదిహేను నిమిషాలు చూడాలి. గుర్తుపట్టిన ప్రతి జాతినీ, ఎన్ని ఉన్నాయో కూడా రాయాలి. కాకి, గోరింక అని వదిలేయకూడదు. సిగ్నలు దొరకని చోట్లున్నాయి కాబట్టి పిట్టల లెక్క రాసి పంపే ఈబర్డ్ యాప్‌లో ఆ ప్రాంతపు పిట్టల జాబితాను విశాఖలోనే దించుకోండి. మీరు రాసిన లెక్క ఇంటికొచ్చాక పంపినా సరిపోతుంది. చిల్లర నోట్లు దగ్గర పెట్టుకోండి, గూడెం కుర్రాళ్లకు చేతికే ఇవ్వండి.