శిబిర జీవితం చూడాలంటే: కాగితం మీది బొమ్మా, కాన్వాసు మీది చిత్రమా?

మొదటి ప్రపంచ యుద్ధంలో, 1916 సెప్టెంబరు మొదటి వారంలో, డాన్యూబ్ నది ఒడ్డున రుమేనియా చేతిలో ఉన్న తుర్తుకాయా కోట పడిపోయింది. పాతిక వేలకు పైగా రుమేనియా సైనికులు బల్గేరియాకు చిక్కారు. వాళ్లలో చిత్రకారుడు నికోలయే తోనిత్సా (1886–1940) ఒకరు. రొడోపీ కొండల్లో, అర్దా నది పక్కనున్న కర్ద్జాలీ శిబిరంలో ఆయన్ని ఉంచారు. మలేరియా, కీళ్లవాతం అక్కడే అంటుకున్నాయి. 1918లో తిరిగొచ్చారు. బందీగా గీసిన రేఖాచిత్రాలూ ఆయనవి ఉన్నాయి, యుద్ధం ముగిశాక బందీల వరుస మీద వేసిన చిత్రమూ ఉంది.

శిబిరంలో రోజు ఎలా గడిచేదో తెలుసుకోవాలంటే నా ఓటు కాగితానికే. తైలవర్ణానికి అవిసె నూనె, బిగించిన కాన్వాసు, ఆరడానికి చోటు కావాలి. పలచటి పూతకే రోజులు పడుతుంది. మందపు పూత లోపల గట్టిపడి వార్నిష్‌కు సిద్ధం కావాలంటే ఆరు నెలల నుంచి ఏడాది. బందీకి ఇవన్నీ ఎక్కడ దొరుకుతాయి? పెన్సిల్ ముక్కా, చిన్న కాగితమూ చాలు. ఎదుటివాడు కదిలేలోపే గీత పూర్తవుతుంది.

భూతద్దంతో చూడండి. బొగ్గు కాగితపు గరుకు మీద మాత్రమే నిలిచి, గుంటలను తెల్లగా వదిలేస్తుంది. పెన్సిల్ గట్టిగా నొక్కిన చోట వెలుగు పడితే బూడిద రంగు మెరుపు వస్తుంది. బొగ్గుకు స్థిరీకరణ ద్రవం కొట్టకపోతే చెయ్యి తగిలినా చెదురుతుంది. చౌక కలపగుజ్జు కాగితంలోని ఆమ్లం దాన్ని పసుపు చేసి, మడత దగ్గర విరిచేస్తుంది. కింద రాసిన తేదీని కళ్లు మూసుకుని నమ్మకండి. బొమ్మలో లేని సిరాతో ఉంటే, తర్వాత ఎప్పుడో రాసి ఉండొచ్చు.

కాన్వాసు బలం వేరు. చిత్రకారుడు వెనక్కి తిరిగి ఆలోచిస్తాడు, మనుషుల్ని వరుసలో పేరుస్తాడు, రంగుతో బరువు పెడతాడు. చెర మనసుకు ఏం చేసిందో అందులో తెలుస్తుంది. ఏం తిన్నారు, ఎక్కడ పడుకున్నారు అని మాత్రం దాన్ని అడగకూడదు. అదే కాలంలో రుమేనియాలోని యాసీ నగరంలో ఆ దేశ సైన్యం చిత్రకారుల్ని నియమించి, 1918 జనవరిలో ప్రదర్శన కూడా పెట్టింది. రుమేనియా చిత్రకారుడు ష్తెఫాన్ దిమిత్రెస్కు వేసిన ‘కాషిన్ మృతులు’ ఆ కాలానిదే. సామగ్రీ, ఆదేశమూ ఉన్నవాళ్ల పనిని బందీ గీతలతో ఒకే తక్కెడలో తూచడం తప్పు.

వెతికేటప్పుడు ఒక చిక్కు ఉంది. మనం ‘శిబిరం’ అనే ఒక్క మాటతో సరిపెట్టేదానికి రుమేనియన్‌లో మూడు మాటలున్నాయి: బందీలది లగర్, సైన్యం మకాం తబర, రోమా అనే సంచార జనం గుడారాలు షత్ర. షత్ర బొమ్మలు ఆ కాలంలో చాలామంది వేశారు. పేరు చూడకుండా ఎంచితే అవే చేతికొస్తాయి.

చూడటంలో కాన్వాసే సులువు. దాన్ని 200 లక్స్ (వెలుగును కొలిచే ప్రమాణం) వెలుగులో ఎప్పుడూ వేలాడదీయొచ్చు. కాగితానికి 50 లక్స్ మించకూడదు, అదీ కొన్ని నెలలే, తర్వాత చీకటి పెట్టెలోకి వెళ్లాలి. కాబట్టి బుకారెస్ట్ జాతీయ కళా మ్యూజియానికి వెళ్లే ముందే రేఖాచిత్రాల విభాగానికి ఉత్తరం రాయండి. గోడ మీద కనబడకపోతే లేదని అనుకోవద్దు.