ముందు షాకప్, తర్వాతే స్ప్రింగ్: దించిన పోలోతో ఐదేళ్లు

మా 2015 మోడల్ ఫోక్స్‌వ్యాగన్ పోలో డీజిల్ కారును నేలకు మరింత దగ్గరగా ఉండేలా కిందికి దించి ఐదేళ్లు దాటింది. మొదటి పదకొండు నెలలు పొరపాటు స్ప్రింగు-షాకప్ జోడీతో నడిపాను. ఆ తర్వాత నాలుగున్నరేళ్లుగా, 92 వేల కిలోమీటర్లకు పైగా, ఇప్పుడున్న జోడీతోనే నడుపుతున్నాను. హనుమకొండలోని ఇంటి నుంచి హుజూరాబాద్‌లో నేను పనిచేసే చోటికి హసన్‌పర్తి, ఎల్కతుర్తి మీదుగా ఈ కారు రోజూ రానూపోనూ దాదాపు 80 కిలోమీటర్లు తిరుగుతుంది. సెలవు వస్తే అమ్మ, నా భార్య, ఇద్దరు పిల్లలు, ఒక్కోసారి డిక్కీలో బియ్యం బస్తా కూడా ఇందులోనే. అందుకే కారు చూడటానికి ఎలా ఉందన్నది పక్కన పెట్టి, మన రోడ్ల మీద రోజూ ఎలా నిలబడుతోందో రాస్తున్నాను.

2019 డిసెంబరులో నేను చేసింది చాలామంది చేసే పనే: స్ప్రింగులు మాత్రం మార్చి, కంపెనీ షాకప్‌లను (షాక్ అబ్జార్బర్లను) అలాగే ఉంచాను. ఎత్తు 40 మిల్లీమీటర్లు తగ్గుతుందని స్ప్రింగుల పెట్టె మీద రాసి ఉంది. బిగించిన మర్నాడు చక్రం మధ్య నుంచి దాని పైనున్న ఫెండర్ అంచు దాకా టేపు పెట్టి కొలిస్తే వెనుక 41, ముందు 52 మిల్లీమీటర్లు దిగింది. ఆ తేడా ఎందుకొచ్చిందో మూడు నెలల తర్వాత గానీ తెలియలేదు. నాకు అమ్మినవి పెట్రోల్ పోలోకు ఉద్దేశించిన స్ప్రింగులు. మూడు సిలిండర్ల పెట్రోల్ ఇంజిన్ కంటే నాలుగు సిలిండర్ల 1.5 లీటర్ల డీజిల్ ఇంజిన్ బాగా బరువు, ఆ బరువంతా ముందు చక్రాల మీదే పడుతుంది. మంచి తయారీదారులు ముందు ఇరుసు మీద ఎంత బరువు దాకా ఏ స్ప్రింగు పనికొస్తుందో పట్టికలో విడివిడిగా ఇస్తారు. కారు పేరు చూసి కాకుండా ఆ అంకె చూసి కొనాలని నాకు అప్పుడు చెప్పినవారు లేరు.

మొదటి రెండు వారాలు బాగానే అనిపించింది. తర్వాత ఊళ్ల మొదట్లో వరుసగా వచ్చే స్పీడ్ బ్రేకర్ల మీద అసలు విషయం బయటపడింది. మొదటిది దాటగానే కారు ముక్కు లేచి, దిగి, మళ్లీ లేచేది. ఆ ఊపు ఆగకముందే రెండోది వచ్చేది. అప్పుడు ముందు కుడివైపు నుంచి దబ్‌మని మోత వినిపించేది. వెనుక సీట్లో ముగ్గురు కూర్చుంటే షాకప్‌లు కదలడానికి చోటే మిగలక, బండి బంప్ స్టాప్ రబ్బర్ల (షాకప్ పూర్తిగా కుదించుకుపోకుండా చివర్లో అడ్డుకునే ముక్కల) మీదే నడిచేది. ఎనిమిదో నెలలో వెనుక ఎడమ షాకప్ నుంచి నూనె కారి, దాని ఒంటి మీద దుమ్ము ముద్దలా పేరుకుంది. ఆ తప్పు షాకప్‌ది కాదు. అది ఏ ఎత్తుకు, ఏ స్ప్రింగుకు తయారైందో ఆ రెండింటినీ నేనే మార్చేశాను.

ఇంకో సంగతి నన్ను నిజంగా భయపెట్టింది. ఒక సాయంత్రం పంచరై జాకీ ఎత్తినప్పుడు వెనుక స్ప్రింగును చేత్తో పట్టుకుంటే అది తన గూట్లో వదులుగా తిరిగింది. పోలోకు వెనుక స్ప్రింగు, షాకప్ వేర్వేరుగా ఉంటాయి. చక్రం గాలిలో వేలాడినప్పుడు ఇరుసు ఎంత కిందికి జారుతుందో షాకప్ పొడవే నిర్ణయిస్తుంది. పొడవాటి కంపెనీ షాకప్‌కు పొట్టి స్ప్రింగు జతచేస్తే, చక్రం పూర్తిగా జారినప్పుడు స్ప్రింగుకు పట్టు పోతుంది. అంత వదులైన స్ప్రింగు పెద్ద గుంతలో ఒక్కసారి పక్కకు జరిగినా ప్రమాదమే. స్ప్రింగు చుట్టు ఒకటి కోసి ఎత్తు తగ్గిస్తామని చెప్పే షెడ్లు కూడా ఉన్నాయి. ఆ పనిలో ఇదే ప్రమాదం మరింత ఎక్కువ, ఎందుకంటే గూట్లో సరిగ్గా కూర్చోవడానికి మలిచిన చివరి చుట్టే కోతకు పోతుంది. పైగా పనిచేసే చుట్లు ఆరు ఉన్నచోట ఐదు మిగిలితే స్ప్రింగు 20 శాతం గట్టిపడుతుంది, షాకప్ మాత్రం పాతదే.

బరువు మోసేది స్ప్రింగు, ఊపును ఆపేది షాకప్. స్ప్రింగు గట్టిపడిన కొద్దీ షాకప్ నిరోధమూ దాని వర్గమూలం లెక్కన పెరగాలి. అంటే స్ప్రింగు 30 శాతం గట్టిదైతే, బండి మునుపటి తీరులోనే కుదురుకోవడానికి షాకప్ దాదాపు 14 శాతం గట్టిగా ఉండాలి. వాడి వాడి మెత్తబడిన పాత షాకప్ నుంచి దీన్ని ఆశించలేం. అందుకే రెండోసారి నేను షాకప్ నుంచి మొదలుపెట్టి, దానికి తగిన స్ప్రింగును వెతికాను. ఈ క్రమం ఒక్కటి పాటించి ఉంటే నాకు పదకొండు నెలలూ, రెండు టైర్లూ మిగిలేవి.

షాకప్‌లు తయారుచేసే బిల్‌స్టీన్‌లో బి4 అనేది కంపెనీ షాకప్‌కు బదులుగా వేసుకునేది, బి6 కంపెనీ పొడవులోనే గట్టిగా ఉండేది, బి8 దించిన కార్ల కోసం పొట్టిగా తయారైంది. కోని అనే మరో తయారీదారు పసుపు రంగు షాకప్‌లను కూడా చూశాను. స్ప్రింగు తిరిగి సాగేటప్పుడు ఉండే నిరోధాన్ని వాటిలో మనమే మార్చుకోవచ్చు. కాయిలోవర్ల (మర తిప్పి ఎత్తు మార్చుకునే స్ప్రింగు-షాకప్ జతల) జోలికి పోలేదు. వానాకాలపు బురదలో తిరిగే బండికి ఎత్తు మార్చుకునే మరల అవసరం నాకు కనిపించలేదు. చివరికి 2020 నవంబరులో బి8 షాకప్‌లు, డీజిల్ బరువుకు సరిపడే ఐబాక్ ప్రో-కిట్ స్ప్రింగులు వేయించాను. టాప్ మౌంట్లు (షాకప్ పై చివరను బాడీకి పట్టి ఉంచేవి), బేరింగులు, కూలీ కలిపి లక్ష రూపాయలు దాటింది. మొదటి ప్రయోగానికి అయిన 15 వేలతో పోలిస్తే ఇది చాలా ఎక్కువే. ఈసారి ముందు 33, వెనుక 28 మిల్లీమీటర్లు దిగింది, నెల తర్వాత మరో మూడు మిల్లీమీటర్లు కుదురుకుంది. మన దేశంలో అమ్మిన పోలో యూరప్ పోలో కంటే కాస్త ఎత్తుగా ఉంటుంది కాబట్టి, అక్కడి పట్టికలోని అంకె కంటే ఇక్కడ కొంచెం ఎక్కువే దిగుతుందని ముందే అనుకోవాలి.

బిగించే పనిలో ఒక్క విషయం దగ్గరుండి చూసుకోండి. చక్రాలను పట్టి ఉంచే కింది ఆర్మ్‌ల కీళ్లలోని బుష్‌లు రబ్బరుతో చేసినవి, బోల్టు బిగించిన స్థితినే అవి తమ స్థితిగా పట్టుకుంటాయి. చక్రాలు వేలాడుతుండగా బోల్టు బిగిస్తే, కారు నేల మీదికి దిగిన క్షణం నుంచీ ఆ రబ్బరు మెలితిరిగే ఉంటుంది, కొన్ని నెలల్లో చిరుగుతుంది. మా మెకానిక్ తమ్ముడు మొదట బోల్టులన్నీ చేత్తో మాత్రమే తిప్పి ఉంచాడు. కారును నాలుగు చక్రాల మీద ర్యాంప్ ఎక్కించి, ముందు భాగాన్ని చేతులతో నాలుగైదుసార్లు కిందికి నొక్కి వదిలి, అది తనంతట తాను నిలిచాక కిందికి దూరి టార్క్ రెంచ్‌తో బిగించాడు. ఆ అరగంట పని వల్లే కావచ్చు, నాలుగున్నరేళ్లలో ఒక్క బుష్ కూడా మార్చలేదు. అలైన్‌మెంట్ అదే రోజు ఒకసారి, వెయ్యి కిలోమీటర్లయ్యాక మరోసారి చేయించాను. ఎత్తు తగ్గితే క్యాంబర్ (చక్రం పైభాగం లోపలికో బయటికో ఒరిగిన కోణం), టో (చక్రం ముందు భాగం లోపలికో బయటికో తిరిగిన కోణం) రెండూ మారతాయి. టైరును నిజంగా తినేసేది టో. మొదటి జోడీతో దీన్ని నిర్లక్ష్యం చేసినందుకు ముందు టైర్లు రెండూ పైకి కొత్తగా కనిపిస్తూనే లోపలి అంచున తీగలు తేలాయి. ఇప్పుడు అదే 185/60 ఆర్15 కొలత టైర్లు 45 వేల కిలోమీటర్ల దాకా సమంగా అరిగాయి. హెడ్‌లైట్ల దిశ కూడా సరిచేయించాలి. ముందు వెనుకలు ఒకే కొలతలో దిగవు కాబట్టి వెలుగు పడే చోటు మారుతుంది.

షాకప్‌కు ఎంత చోటు మిగిలిందో తెలుసుకోవడానికి నేను వాడే పద్ధతి చాలా సులువు. వెనుక షాకప్ దుమ్ము తొడుగు తీసి, మెరిసే రాడ్ చుట్టూ ఒక జిప్ టై (ప్లాస్టిక్ పట్టీ) బిగించి, దాన్ని షాకప్ ఒంటికి ఆనించి ఉంచుతాను. ప్రయాణంలో షాకప్ ఎంత కుదించుకుపోతే టై రాడ్ మీద అంత పైకి జరిగి అక్కడే ఆగిపోతుంది. అక్కడి నుంచి బంప్ స్టాప్ దాకా ఉన్నదే మిగిలిన చోటు. నేనొక్కణ్నే హుజూరాబాద్ వెళ్లివచ్చిన రోజు 31 మిల్లీమీటర్లు మిగిలింది. 2024 ఫిబ్రవరిలో ఐదుగురం, సామానుతో ములుగు మీదుగా మేడారం జాతరకు వెళ్లివచ్చాక చూస్తే టై బంప్ స్టాప్‌ను తాకి ఉంది. అంటే నిండు బరువుతో తాకుతుంది, కానీ ఆ దారంతా మోత మాత్రం వినిపించలేదు. ఇంతకు మించి దించితే కుటుంబంతో తిరిగే కారుగా ఇది పనికిరాదని నాకు ఆ రోజు స్పష్టమైంది.

స్పీడ్ బ్రేకర్ల సంగతికి వస్తే, ఇంజిన్ కింది ఆయిల్ చాంబర్ దగ్గర నేలకు 131 మిల్లీమీటర్ల ఎత్తు ఉంది. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రమాణం ప్రకారం స్పీడ్ బ్రేకర్ 10 సెంటీమీటర్ల ఎత్తు, 3.7 మీటర్ల వెడల్పుతో, 17 మీటర్ల వ్యాసార్థపు వంపుతో ఉండాలి. ముందు వెనుక చక్రాల మధ్య దూరం దాదాపు రెండున్నర మీటర్లే కాబట్టి, అలాంటి దాని మీద చక్రాల నడుమ పైకి వచ్చేది ఐదు సెంటీమీటర్లకు లోపే. కారు హాయిగా దాటుతుంది. చిక్కంతా ఊరివాళ్లు సిమెంటుతో కట్టుకున్న ఇరుకైన దిమ్మెలతోనే. వాటిని నేను పక్కవాటుగా, ఒక్కో చక్రం ఎక్కేలా దాటిస్తాను. 563వ జాతీయ రహదారి విస్తరణ పనుల్లో వేసిన మట్టి దారి మళ్లింపులు, యాసంగి కోతలప్పుడు సగం రోడ్డు మీద ఆరబోసిన వడ్లు, వాటి చుట్టూ కాపలాగా పేర్చిన రాళ్లు ఇంకా కష్టం. వడ్లు తొక్కకూడదు, రాళ్ల మీదుగా పోలేం, పక్కకు దిగితే తారు అంచు లోతు. అక్కడ ఆగి, ఎదుటి బండిని పోనిచ్చి, తర్వాతే కదులుతాను. 2023 జూలై వరదల్లో నయీంనగర్ వైపు నీళ్లు నిలిచినప్పుడు మూడు రోజులు కారు బయటికి తీయలేదు. తక్కువ ఎత్తు బండికి గాలి పీల్చే గొట్టం కూడా ఆ మేరకు కిందికే ఉంటుంది.

నడక విషయంలో నాకు పూర్తి తృప్తి ఉంది. గంటకు 80 కిలోమీటర్ల వేగంలో గ్రానైటు లారీని దాటి మళ్లీ వరుసలోకి వచ్చేటప్పుడు మునుపటి ఒరుగుడు లేదు. గుంతలో పడి లేచాక కారు ఒక్క కదలికతో కుదురుకుంటుంది. నూనె, గ్యాస్ ఒకే గొట్టంలో ఉండే మోనోట్యూబ్ షాకప్‌లో అధిక పీడనపు గ్యాస్ నూనెను నొక్కిపట్టి నురగ కట్టనివ్వదు కాబట్టి, ఎండాకాలం మధ్యాహ్నం గతుకుల రోడ్డు మీద అరగంట నడిచినా పట్టు సడలదు. కానీ అదే గ్యాస్ పీడనం వల్ల నగరంలో నెమ్మదిగా పోయేటప్పుడు చిన్న చిన్న అతుకులన్నీ సీటు దాకా తెలుస్తాయి. నాలుగున్నరేళ్లలో దీనికి నేను అలవాటు పడ్డాను, అమ్మ పడలేదు. మోకాళ్ల నొప్పితో కిందికి వంగి సీట్లో కూర్చోవడం కూడా ఆమెకు కష్టమే. అందుకని అమ్మతో వెళ్లే రోజు టైర్లలో గాలి పీడనం రెండు పాయింట్లు తగ్గించి, సీటు మీద దళసరి దిండు వేస్తున్నాను.

రోజూ ఐదుగురితో, పల్లె దారుల్లో తిరిగేవారు అసలు ఎత్తు తగ్గించకండి. కంపెనీ స్ప్రింగులకే మంచి కొత్త షాకప్‌లు వేయించుకుంటే, మీరు కోరుకుంటున్న కుదురులో చాలా భాగం దానితోనే వస్తుంది. ఒంటరిగానో ఇద్దరుగానో హైవే మీద తిరిగేవారికి 30 మిల్లీమీటర్ల చుట్టుపక్కల, పొట్టి షాకప్‌తో కలిపి అయితేనే చెబుతాను. నా కారులో ఇప్పుడు స్టీరింగ్ పూర్తిగా తిప్పినప్పుడు ముందు ఎడమ టాప్ మౌంట్ నుంచి సన్నని కిర్రుమనే శబ్దం మొదలైంది. వానలు పడేలోగా రెండు వైపులా మౌంట్లు మార్పించి, ఎత్తు మళ్లీ కొలిపించి, అలైన్‌మెంట్ చేయించబోతున్నాను.